పిల్లల పక్కన కూర్చునేవాళ్ళేరీ?

మే నెల వచ్చిందంటే ఒంగోలు చుట్టుపక్కల ఏ ఊరు వెళ్ళినా ఫ్లెక్సీలే. "యూత్ క్యాంప్" అని పెద్దపెద్ద అక్షరాలు, వాటి కింద కోటు వేసుకున్న ప్రసంగీకుడి బొమ్మ, పక్కన పాటల బృందం బొమ్మ, ఇంకా కిందికి వస్తే భోజన వసతి కలదన్న మాట. పిల్లలకి పాఠం చెప్పే టీచర్ల పేర్లు మాత్రం వెతికినా కనపడవు. ఉంటే కదా కనపడటానికి!

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. ఉద్యోగం రాకముందు నుంచీ వేసవి సెలవుల్లో మా బాప్టిస్టు సంఘాల క్యాంపుల్లో పదమూడు మొదలు పద్ధెనిమిదేళ్ళ దాకా ఉన్న పిల్లలకి చెబుతూ వచ్చాను. జీతం లేదు. బస్సు ఛార్జీ ఇస్తామన్నా తీసుకునేవాళ్ళం కాదు. ఆ పని ప్రాణం పెట్టి చేసిన మనిషిగా అడుగుతున్నాను. మూడేళ్ళ పిల్లలకి కథ చెప్పడానికి వెకేషన్ బైబిల్ స్కూల్లో (వీబీఎస్) పదిమంది టీచర్లు దొరుకుతారు. మీసం మొలుస్తున్న కుర్రాడి పక్కన, అద్దం ముందు నుంచి కదలని ఆడపిల్ల పక్కన కూర్చుని చెప్పడానికి ఒక్కరూ ఎందుకు దొరకరు? ఆ వయసు పిల్లల్ని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, ముందు వేదిక కట్టి, మైకు ఒకాయన చేతికిచ్చి చేతులు దులుపుకుంటున్నాం. ఆయన కారులో వస్తాడు, గంట మాట్లాడతాడు, ఫొటోలు దిగుతాడు, ఇంకో ఊళ్ళో మీటింగు ఉందని వెళ్ళిపోతాడు. ఏ పిల్లాడి పేరూ ఆయనకి తెలీదు.

మా రోజుల్లో క్యాంపు మే నెలలో అయితే టీచర్ల పని మార్చిలోనే మొదలయ్యేది. రిటైరైన హెడ్మాస్టరుగారొకాయన మా అందరికీ పెద్దదిక్కు. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళింటి అరుగు మీద కూర్చోబెట్టి పాఠాలు పంచేవారు. ఎవరి పాఠం వాళ్ళు లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుని తేవాలి. ఎర్రసిరా పెన్ను పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివేవారు. బాగుందని ఎప్పుడూ అనేవారు కాదు. "ఇది విన్న పిల్లోడు రేపు ఇంటికెళ్ళి ఏం చేస్తాడమ్మా?" అని అడిగేవారు. దానికి జవాబు చెప్పలేకపోతే పాఠం మళ్ళీ రాసుకురావాల్సిందే. ఇప్పుడు క్యాంపుకి ముందురోజు రాత్రి వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది. పొద్దున్నే బస్సులో కూర్చుని చదువుకునే టీచర్లని కళ్ళారా చూశాను. పిల్లలు తెలివితక్కువవాళ్ళు కాదు. తయారై వచ్చినవాళ్ళెవరో, చేతికందింది చదువుతున్నవాళ్ళెవరో మొదటి ఐదు నిమిషాల్లో పసిగట్టేస్తారు. ఆపైన వాళ్ళ చెవులు మూసుకుపోతాయి.

మా దగ్గర ఉన్న సాధనం ఫ్లానెల్ గ్రాఫ్. ముదురు నీలం ఫ్లానెల్ గుడ్డని చెక్క పలక మీద బిగించి, పలకని గోడకి కొంచెం వెనక్కి వాల్చి పెట్టేవాళ్ళం. అట్టబొమ్మల వెనక గరుకు కాగితం అంటిస్తే గుడ్డని పట్టుకుని నిలబడేవి. ఫ్యాను వేస్తే ఊడిపడేవి కాబట్టి ఎండాకాలంలో ఫ్యాను కట్టేసి చెమటలు కక్కుతూ చెప్పేవాళ్ళం. చిన్నపిల్లలకైతే మేమే బొమ్మలు పెట్టి కథ చెప్పేవాళ్ళం. పెద్దపిల్లలకి మాత్రం బొమ్మలు చూపించేది కాదు, వాళ్ళ చేతే చేయించేది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కత్తెర్లు, అట్టలు, రంగులు ముందేసి "రేపు చిన్నవాళ్ళకి ఈ కథ మీరే చెప్పాలి, తయారుచేసుకోండి" అనేవాళ్ళం.

ఒక ఏడు తప్పిపోయిన కుమారుడి కథ వచ్చింది. ఇల్లు పెట్టారు, తండ్రిని పెట్టారు, తిరిగొచ్చిన చిన్నకొడుకుని పెట్టారు, విందు పెట్టారు. అన్నీ అయ్యాక పెద్దకొడుకు బొమ్మ చేతిలో మిగిలింది. దాన్ని గుమ్మం లోపల పెట్టాలా, బయట పెట్టాలా? లోపలే పెట్టాలి, తండ్రి బతిమాలాడు కాబట్టి వెళ్ళే ఉంటాడని కొందరు. వెళ్ళాడని లూకా సువార్తలో ఎక్కడుందో చూపించమని ఇంకొందరు. పుస్తకం తీశారు. నిజమే, లేదు. తండ్రి మాటతోనే కథ ఆగిపోయింది. ఇంట్లో అందరికంటే పెద్దవాడైన ఒక కుర్రాడు, తమ్ముడి చదువు కోసం తన చదువు మానుకున్నవాడు, "నేనైతే వెళ్ళనండీ" అన్నాడు. అక్కడి నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా ఆ గదిలో ఎవరూ లేవలేదు. అన్నదమ్ముల మధ్య పంపకాలు, తల్లిదండ్రుల మొగ్గు, ఇంటి కోసం ఎవరు ఎంత వదులుకున్నారన్న లెక్కలు, మనసులో దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి. నేను మాట్లాడింది చాలా తక్కువ. ఆ కథ మీద ఎంత పేరున్న బోధకుడు ఎంతసేపు ప్రసంగించినా ఆ కుర్రాడి నోట ఆ మాట రప్పించలేడు. మర్నాడు చిన్నపిల్లలకి కథ చెప్పింది వాడే. పెద్దకొడుకు బొమ్మని సరిగ్గా గడప మీద పెట్టాడు.

పాటల సంగతి చెప్పకుండా ఉండలేను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తనల నెత్తి మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఆ కీర్తనకారుల్లో ఒకరైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో పోయారు. ఆయన రాసినవాటిని మా పల్లెల్లో అక్షరం రానివాళ్ళు కూడా తప్పు లేకుండా పాడేవాళ్ళు. క్యాంపులో హార్మోనియం ఒకటి, డోలక్ ఒకటి, తాళాలు రెండు జతలు. రోజుకొక కీర్తన చరణం చరణం చెప్పి, ఆది తాళానికి చెయ్యి ఎలా వెయ్యాలో వేలు వేలూ పట్టుకుని నేర్పేవాళ్ళం. ఆ పిల్లలే వాళ్ళ ఊళ్ళకి వెళ్ళి గుళ్ళో పాట ఎత్తుకునేవాళ్ళు. ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్స్, కుర్చీ అదిరే స్పీకర్లు. కొత్త పాటలు వద్దనను, వాటిల్లో మంచివీ ఉన్నాయి. కానీ ఆ మోతలో పిల్లలు పాడుతున్నారో లేదో వాళ్ళకే వినపడదు. నోరు కదపకుండా నిలబడి తెర మీద అక్షరాలు చూసే పిల్లల్ని వరసలకి వరసలు చూశాను. పాట నేర్పడం మానేసి వినిపించడం మొదలుపెట్టాం.

కంఠత వాక్యాలూ అంతే. 119వ కీర్తనలో 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. రెండేసి భాగాలు పంచుకుని, క్యాంపు ముగింపు రోజున పదకొండు మంది పిల్లలు నిలబడి మొత్తం ఒప్పజెప్పేవాళ్ళు. బైబిల్లోని అరవై ఆరు పుస్తకాల పేర్లు నీళ్ళు తాగినట్టు చెప్పేవాళ్ళు. హబక్కూకు ఎక్కడుందో తెలియని ప్లస్ టూ పిల్లలు ఇప్పుడు ఫోన్లో వేలితో కొడితే వచ్చేస్తుంది కదా ఆంటీ అంటున్నారు. వస్తుంది. ఆసుపత్రి వరండాలో అమ్మ మంచం పక్కన కూర్చున్న రాత్రి, ఫోన్లో ఏం వెతకాలో తోచని రాత్రి, కంఠతా వచ్చింది మాత్రమే నోటికొస్తుంది. నాకు అలాంటి రాత్రులు తెలుసు.

ఆఖరి రాత్రి గురించి అనడానికి నాకు నోరు రాదు గానీ అనక తప్పదు. లైట్లు తగ్గిస్తారు. కీబోర్డు మెల్లగా మోగుతూ ఉంటుంది. కళ్ళు మూసుకోండి, తీర్మానం చేసుకున్నవాళ్ళు చేతులెత్తండి అంటారు. పిల్లలు వెక్కివెక్కి ఏడుస్తారు. ఆ ఏడుపు నటన అని నేననను. పదిహేనేళ్ళ పిల్లకి ఏడవడానికి బోలెడు కారణాలుంటాయి. ఇంట్లో తాగొచ్చే తండ్రి, కాలేజీ హాస్టల్లో మార్కుల లెక్కలు, ఎవరికీ చెప్పుకోలేని ప్రేమ, ఎవరికీ చెప్పుకోలేని భయం. నా బాధల్లా మర్నాడు పొద్దున నువ్వెందుకు ఏడ్చావమ్మా అని ఆ పిల్లని అడిగేవాళ్ళు లేకపోవడం. ఎత్తిన చేతులు లెక్కపెట్టి రిపోర్టులో రాసుకుంటారు, టెంటు విప్పేస్తారు. మేము తీర్మాన కార్డులు ఊళ్ళవారీగా పంచుకునేవాళ్ళం. నా వంతుకొచ్చిన పిల్లలకి ఏడాది పొడుగునా ఇన్లాండు కవర్లు రాసేదాన్ని. జవాబులు వచ్చేవి. చదువు మానేయాలనుకుంటున్నామనీ, పెళ్ళి చేసేస్తున్నారనీ, రెండు మూడు ముక్కల్లో. ఆ ముక్కలు పట్టుకుని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడినవాళ్ళం.

ఇక ప్రశ్నలు. ఆ వయసు పిల్లల దగ్గరికి వెళ్ళేది వాటికోసమే. వేదిక మీద నుంచి ఎవరికైనా సందేహాలున్నాయా అంటే ఎవరూ చెయ్యెత్తరు. రాత్రి డాబా మీద చాపలు పరిచాక, దీపాలు ఆర్పాక, ఎవరి మొహం ఎవరికీ కనపడనప్పుడు అడుగుతారు. సైన్సు పుస్తకంలో ఒకటుంది, ఆదికాండంలో ఒకటుంది, ఏది రాయాలి? అంత ప్రార్థన చేసినా మా చిన్నమ్మ ఎందుకు చచ్చిపోయింది? వేరే కులం అమ్మాయితో మాట్లాడితే మన సంఘం పెద్దలే ఎందుకు కొట్టారు, మనలో కులం లేదన్నారు కదా?

ఒకసారి పదో తరగతి అయిపోయిన కుర్రాడొకడు అడిగాడు. "అమ్మగారూ, బళ్ళో నాకొక పేరు, గుళ్ళో ఒక పేరు. ఎమ్మార్వో ఆఫీసు కాగితంలో హిందువునని ఉంది. నేను అబద్ధమాడుతున్నానా?" వాడి గొంతు వణికింది. ఈ ప్రశ్న మా పల్లెల్లో ప్రతి ఇంట్లోనూ ఉంది, ఎవరూ నోరు విప్పరు. నేను సోషల్ టీచర్ని, నాకు తెలిసింది చెప్పాను. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, దాంట్లో మూడో పేరా ప్రకారం హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డు కులాల కిందికి రారు. 1956లో సిక్కులని చేర్చారు, 1990లో బౌద్ధులని చేర్చారు, మనల్ని చేర్చలేదు. మతం మారిన ఎస్సీలని మన రాష్ట్రంలో బీసీ-సిలో పెట్టారు, వాటా 1 శాతం. ఊళ్ళో మనల్ని చూసే చూపు మాత్రం బాప్తిస్మం తీసుకున్నా మారలేదు. అందుకే మీ నాన్న ఆ కాగితం తీసుకున్నాడు, ఆయన దొంగ కాదు. అంతవరకూ చెప్పి, అలాగని కాగితం మీద ఒకటి, మోకాళ్ళ మీద ఒకటి అన్న బరువు తేలిక అవుతుందని కూడా చెప్పను నాయనా అన్నాను. ఏం చేయాలో మీ నాన్నా నువ్వూ కూర్చుని మాట్లాడుకోండి, కావాలంటే నేనూ వస్తానన్నాను. తరవాత వెళ్ళాను కూడా. వాళ్ళు చివరికి ఏం నిర్ణయించుకున్నారో అది వాళ్ళ ఇంటి సంగతి. కానీ ఆ తండ్రీకొడుకులు ఆ మాట ఎత్తుకుని మాట్లాడుకోవడం అదే మొదటిసారి. క్రీస్తు పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడొద్దని మైకులో ఉరిమి వెళ్ళిపోయే ప్రసంగీకుడికి ఈ పిల్లాడి గుండెలో ఏం జరుగుతుందో ఎలా తెలుస్తుంది?

చరిత్ర చెప్పడం కూడా మానేశాం. ఇది నాకు అన్నిటికంటే కడుపు మండే విషయం. ఫోన్లలో మా పిల్లల్ని "బియ్యం బస్తా" అని తిడుతున్నారు. బియ్యం కోసం మతం మారినవాళ్ళని దాని అర్థం. పిల్లలకి ఆ తిట్టుకి జవాబు తెలీదు. తలదించుకుంటారు, లేదంటే తిరిగి బూతులు తిడతారు. మా రోజుల్లో క్యాంపులో ఒక రోజు పొద్దున్నే పిల్లల్ని ప్రార్థన కొండ ఎక్కించేవాళ్ళం. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ జెవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు, మొత్తం ఐదుగురు ఆ కొండ మీద నిలబడి ఒంగోలు కోసం ప్రార్థన చేశారు. ఇంకో రోజు మద్దిపాడు దగ్గర వెల్లంపల్లి తీసుకెళ్ళి గుండ్లకమ్మ ఒడ్డున కూర్చోబెట్టేవాళ్ళం.

అక్కడ చెప్పేదాన్ని. 1876లో ధాత కరువు మొదలైంది. ఒంగోలు మిషనరీ క్లౌ దొర సర్వే పని తెలిసిన మనిషి. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. తవ్వినవాడికి కూలి ఇచ్చాడు. ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వనని ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. జనం అడుగుతూనే ఉన్నారు, ఆయన వద్దంటూనే ఉన్నాడు. సాయం ముగిసి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా వాళ్ళు వెనక్కి పోలేదు. 1878 జులై 3న ఈ ఏట్లో ఒక్క పగటిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి. "ఎలా కుదిరిందో లెక్క కట్టండిరా" అంటే పిల్లలు ఇసకలో వేళ్ళతో గుణించేవాళ్ళు.

అంతకు పన్నెండేళ్ళ ముందే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు దాకా తిరిగి, అక్కడ విన్న మాట పట్టుకుని దాన్ని వెతుక్కుంటూ వచ్చిన మనిషి. అప్పటికే యోగమార్గంలో గురువుగా పేరున్నవాడు. ఆయన్ని ఎవరూ మూట చూపించి పిలవలేదు. అంటరానివాళ్ళని ఊరవతల ఉంచిన కాలంలో, దేవుడి సంగతి మేమే తేల్చుకుంటామని లేచి నిలబడినవాళ్ళు పేరయ్యలాంటివాళ్ళు. క్లౌ దొర భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ ఆ మాదిగ ఇళ్ళల్లో కూర్చుని విన్న కథల్ని 1899లో పుస్తకంగా వేసింది. దాన్ని చేతిలోకి తీసుకున్న యూత్ లీడర్ని ఈ మధ్య కాలంలో నేను చూడలేదు. ముత్తాత ఏం చేశాడో తెలిసిన పిల్లాడు ఫోన్లో తిట్టు చూసి కుంగిపోడు, బూతుకీ దిగడు. కూర్చుని జవాబు రాస్తాడు. జవాబు రాసిన పిల్లలున్నారు, నాకు చూపించారు.

అప్పుడన్నీ బాగున్నాయని నేననడం లేదు. మగపిల్లలు ఏటికి పోయేవాళ్ళు, ఆడపిల్లలకి మరుగుదొడ్డి లేక చీకటి పడేదాకా నీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళు. ఆడవాళ్ళం వంటకి, చిన్నపిల్లలకి తప్ప వేదికకి పనికిరామన్నట్టు చూసేవాళ్ళు. కంఠత వాక్యం రాకపోతే బెత్తం తీసే టీచర్లుండేవాళ్ళు, అది దేవుడి పేరున చేసిన తప్పు. ఇప్పుడు ఆడపిల్లలు ముందుకొచ్చి ప్రార్థన నడిపిస్తున్నారు, చూస్తే కడుపు నిండుతుంది. మంచి సంఘాల్లో తల్లిదండ్రుల అనుమతి కాగితం తీసుకుంటున్నారు, పిల్లలతో ఒక పెద్ద ఒంటరిగా ఉండకూడదని, ఎప్పుడూ ఇద్దరుండాలని నియమం పెట్టారు. 2012లో పోక్సో చట్టం వచ్చాక కూడా ఈ నియమం పెట్టని సంఘాలున్నాయి, వాళ్ళకి క్యాంపు పెట్టే హక్కు లేదు. మా డాబా మీద మాటలు కూడా ఇప్పుడైతే ఇద్దరు టీచర్ల ఎదటే జరగాలి. జరగనివ్వండి, పిల్లలు అప్పుడూ మాట్లాడతారు.

టీచర్లు దొరకడం లేదన్న మాట నేనొప్పుకోను. నైట్ డ్యూటీలు మార్చుకుని సెలవు పెట్టుకొచ్చే నర్సమ్మాయిలున్నారు. ఇంజినీరింగు అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాళ్ళున్నారు. చెప్పాలని వాళ్ళకుంది. ఎలా చెప్పాలో నేర్పే అరుగు లేదు. క్యాంపు డబ్బులో ఎక్కువ భాగం సౌండుకీ లైట్లకీ పోతోంది, టీచర్లని ముందుగా కూర్చోబెట్టి తయారుచేయడానికి రూపాయి పెట్టరు. ప్రసంగీకుడికి శాలువా, టీచరుకి పీడీఎఫ్.

మొన్న ఒక సంఘం వాళ్ళు ఇంటికొచ్చారు. వచ్చే వేసవి క్యాంపులో సీనియర్ టీచర్‌గా ఐదు నిమిషాలు వేదిక మీద మాట్లాడాలి, సన్మానం చేస్తామన్నారు. సన్మానం వద్దన్నాను. గది ఒకటి ఇవ్వండి, మైకు వద్దు. పద్నాలుగు పదిహేనేళ్ళవాళ్ళని పన్నెండు మందిని ఇవ్వండి, ఇరవై దాటితే నా వల్ల కాదు. నాతోపాటు ఇంకొక టీచరు ఉండాలి, ఆ నర్సమ్మాయిల్లో ఒకరైతే మరీ మంచిది. అన్నాలు పిల్లల పంక్తిలోనే పెట్టండి, వీఐపీ టేబులు దగ్గరికి నన్ను పిలవొద్దు. ఒక పూట వెల్లంపల్లికి బస్సు కావాలి. కమిటీలో పెట్టి చెప్తామని వెళ్ళారు. చెప్పేదేదో సంక్రాంతి లోపల చెప్పమన్నాను. మార్చికల్లా పాఠాలు రాసి పెట్టుకోవాలి.